బెంగళూరు నుంచి జనవరిలో మనాలి, సిస్సు: ఆల్ సీజన్ టైర్లు సరిపోతాయా, వింటర్ టైర్లే వేయించాలా?

మారతహళ్లి_తెలుగోడు

అందరికీ నమస్కారం. జనవరి మూడో వారంలో బెంగళూరు నుంచి ఎన్‌హెచ్ 44 పట్టుకుని పైకి వెళ్లి, హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలి మీదుగా అటల్ టన్నెల్ (కొండ కింది సొరంగం) దాటి అవతలి సిస్సు ఊరి దాకా కారులో వెళ్లే ఆలోచన ఉంది. పెట్రోల్ ఎస్‌యూవీ, ముందు చక్రాల డ్రైవ్, మాన్యువల్ గేర్లు. టైరు సైజు 215/60 ఆర్17. కారుతో వచ్చిన టైర్లే, 41,000 కి.మీ. తిరిగాయి. గేజ్ పెట్టి చూస్తే ముందు టైర్లలో ట్రెడ్ (గాడుల లోతు) 3 మి.మీ., వెనక 4 మి.మీ. ఉంది.

ఎలాగూ మార్చాలి కాబట్టి జేసీ రోడ్డులో అడిగాను. ఒక షాపులో "ఇవన్నీ ఆల్ సీజనే, మంచులోనూ నడుస్తాయి" అన్నారు. ఇంకో షాపులో వింటర్ టైర్లు అసలు తెప్పించలేమన్నారు. తిరిగొచ్చాక ఇవే టైర్లతో ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆఫీసుకు తిరగాలి, వానాకాలం గడపాలి. ఏది వేయించమంటారు? మంచులో పట్టు కోసం టైర్లకు చుట్టే చైన్లు కూడా కొనాలా?

రబ్బరు_లెక్కలు

ముందు ఆ "ఆల్ సీజన్" అన్న మాట సంగతి చూద్దాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మన దగ్గర షాపువాళ్లు ఆల్ సీజన్ అంటే ఎండాకాలం, వానాకాలం రెండింటికీ పనికొచ్చే టైరు అని. ఆ మాట అబద్ధం కాదు, మన సీజన్లకు అవి సరిపోతాయి. కానీ యూరప్ లెక్కలో చూస్తే అది సమ్మర్ టైరు. మంచును లెక్కలోకి తీసుకుని చేసిన ఆల్ సీజన్ వేరే జాతి. గుర్తు పట్టడం తేలిక: టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచురేకు బొమ్మ ఉంటుంది. గట్టి మంచు మీద ఒక ప్రామాణిక టైరుతో పోల్చి, పట్టు కనీసం 10 శాతం ఎక్కువ వస్తేనే ఆ బొమ్మ వేసుకోనిస్తారు. ఉత్త "ఎం ప్లస్ ఎస్" అక్షరాలు చూసి మోసపోకండి. అవి ట్రెడ్ గాడులు బురదకూ మంచుకూ తగ్గట్టున్నాయని తయారీదారు చెప్పుకునే మాట. దాని వెనక మంచు పరీక్ష ఉండక్కర్లేదు. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి ఆ అక్షరాలు మాత్రమే ఉన్న టైరును వింటర్ టైరుగా ఒప్పుకోవడం లేదు.

ఇక తేడా ఎక్కడుందంటే, మొదటిది రబ్బరులో. మామూలు టైరు రబ్బరు మన వేడికి తగ్గట్టు గట్టిగా చేస్తారు. సుమారు 7 డిగ్రీల కిందికి దిగేసరికి అది బిగుసుకుంటుంది. రోడ్డు మీది సన్నటి గరుకులోకి వంగి ఒదగలేదు, పట్టు తగ్గుతుంది. మంచు పడకపోయినా సరే, చలికే ఇది జరుగుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. రెండోది సైప్స్, అంటే ట్రెడ్ దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్టుండే సన్నని చీలికలు. బరువు పడినప్పుడు ఇవి తెరుచుకుని మంచును కరిచి పట్టుకుంటాయి. మంచును మంచు బాగా పట్టుకుంటుంది, కాబట్టి గాడుల్లో మంచు ఇరుక్కోవడం ఇక్కడ మంచిదే. మూడోది లోతు. వింటర్ టైరు కొత్తగా 8 నుంచి 9 మి.మీ. ఉంటుంది. 4 మి.మీ.కి అరిగిందంటే మంచులో దాని పని అయిపోయినట్టే.

మీ దారి బెంగళూరు నుంచి మనాలికి ఒకవైపు సుమారు 2,700 కి.మీ. రానూపోనూ 5,400. అందులో మంచు తగిలేది మహా అయితే మనాలి పైనున్న సోలంగ్ నుంచి సిస్సు దాకా, అదీ ఆ వారంలో మంచు పడితేనే. ఆ కాస్త దూరం కోసం మిగతా 5,300 కి.మీ. వింటర్ టైర్ల మీద నడపడం నాకైతే సరికాదనిపిస్తుంది. నాగ్‌పూర్ దాటేవరకు పగలు రోడ్డు వేడిగానే ఉంటుంది. ఆ మెత్తటి దిమ్మెలు 100 వేగంలో అటూ ఇటూ వంగుతాయి, స్టీరింగ్ వదులుగా అనిపిస్తుంది, బ్రేక్ దూరం పెరుగుతుంది, అరుగుదల కూడా త్వరగా వస్తుంది. తిరిగొచ్చాక ఏప్రిల్ ఎండలో బెంగళూరులో తిప్పితే టైరును చేతులారా పాడు చేసుకున్నట్టే.

నా సలహా: మంచురేకు గుర్తున్న ఆల్ సీజన్ మీ సైజులో దొరికితే అది. దొరకకపోతే తడి రోడ్డు మీద మంచి పట్టున్న మామూలు కొత్త టైర్లు నాలుగూ వేయించి, డిక్కీలో చైన్లు పెట్టుకోండి. రెండో షాపాయన చెప్పింది నిజమే. 2020 జూన్ నుంచి విదేశీ టైర్ల దిగుమతికి లైసెన్సు కావాలి, పైగా ఇక్కడ అమ్మే టైరు మీద ఐఎస్ఐ మార్కు ఉండాలి. అందుకే మన షాపుల్లో వింటర్ టైర్లు కనబడవు.

చెన్నై_ఈసీఆర్

పై సమాధానంతో ఏకీభవిస్తాను గానీ ఒక మాట కలపాలి. మంచు మీద ఏ టైరైనా ఎంత నిస్సహాయమో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. గంటకు 40 కి.మీ. వేగంలో బ్రేక్ తొక్కితే, కాలు పెడల్ మీదికి వెళ్లే సమయం కలపకుండా:

పొడి తారు మీద పట్టు (ఘర్షణ గుణకం) 0.8 అనుకుంటే 8 మీటర్లు.
తడి తారు, 0.5 అయితే 12 నుంచి 13 మీటర్లు.
గట్టిపడిన మంచు మీద వింటర్ టైరు, 0.3 అనుకుంటే 21 మీటర్లు.
అదే మంచు మీద మామూలు టైరు, 0.15 అనుకుంటే 42 మీటర్లు.
నల్లటి ఐస్ (రోడ్డు మీద తడిలా కనబడే పలచటి గడ్డ), 0.1 అయితే 63 మీటర్లు.

సెకనుకు మీటర్లలో వేగం వర్గాన్ని, పట్టు విలువను గురుత్వంతో గుణించి రెట్టింపు చేసిన అంకెతో భాగిస్తే వచ్చే లెక్క ఇది. ఎవరైనా చేసి చూసుకోవచ్చు. పట్టు విలువలు సుమారువే, రోడ్డును బట్టి మారతాయి. దీనికి తోడు, మీరు ప్రమాదాన్ని గుర్తించి కాలు కదిపే ఒక్క సెకనులోనే బండి 11 మీటర్లు పోతుంది. వేగం 20కి తగ్గిస్తే ఈ బ్రేక్ దూరాలన్నీ నాలుగో వంతవుతాయి. ఏ టైరూ ఇవ్వలేని భద్రత అది.

ఐస్ గురించి ఇంకోటి. మైనస్ 10లో కన్నా సున్నా దగ్గరే ఐస్ ఎక్కువ జారుతుంది, పైన సన్నటి నీటి పొర ఏర్పడుతుంది కాబట్టి. పగలు కరిగి సాయంత్రం మళ్లీ గడ్డకట్టే చోట్లు, అంటే కొండ నీడ పడే మలుపులు, వంతెనలు, టన్నెల్ నోళ్లు, వీటి దగ్గర జాగ్రత్త. రోడ్డు తడిసినట్టు నల్లగా మెరుస్తూ, ముందు బండి చక్రాల నుంచి నీళ్లు చిమ్మడం లేదంటే అది నీరు కాదు, ఐస్.

ఇక మన ఊళ్ల సంగతి. ఏడాదిలో మిగతా 50 వారాలు మీకు కావాల్సింది తడి పట్టు. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రోడ్డు మీద నిలిచే నీళ్లు, బెంగళూరులో ఎండల తర్వాత పడే మొదటి వాన. ఆ మొదటి అరగంట మహా ప్రమాదం, నెలల తరబడి పేరుకున్న నూనె, రబ్బరు పొడి నీళ్లతో కలిసి జారుడు పొరలా అవుతాయి. మీ ముందు టైర్లలో 3 మి.మీ. ఉందన్నారు. చట్టం 1.6 మి.మీ. దాకా ఒప్పుకుంటుంది గానీ, నిలిచిన నీళ్లలో 80 వేగంలో ఆ టైరు నీటిని పక్కకు తోయలేక పైకి తేలుతుంది. వాన రోడ్లకు 3 మి.మీ. దగ్గరే మార్చేయాలి. మంచు సంగతి పక్కన పెట్టినా టైర్లు మార్చాలన్న మీ నిర్ణయం సరైనదే.

గాలి_చూశారా

టైర్ల గురించి అందరూ చెప్పారు, గాలి గురించి ఎవరూ అడగలేదు. ఈ దారిలో గాలి లెక్క కాస్త విచిత్రంగా ఉంటుంది.

చలికి గాలి తగ్గుతుందని అందరికీ తెలుసు, సుమారు 5, 6 డిగ్రీలకు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). ఎత్తుకు వెళ్తే బయటి గాలి పలచబడి గేజ్ ఎక్కువ చూపిస్తుందని చాలామంది మర్చిపోతారు. బెంగళూరు 920 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ బయటి గాలి ఒత్తిడి సుమారు 13.2 పీఎస్ఐ. ఇక్కడ 20 డిగ్రీల చల్లటి ఉదయం 33 పీఎస్ఐ కొట్టించారనుకుందాం. ఆ గాలిని ముట్టుకోకపోతే:

ఢిల్లీ, చండీగఢ్ వైపు 5 డిగ్రీల పొగమంచు ఉదయం 29.5.
మనాలిలో 2,050 మీటర్ల ఎత్తులో సున్నా డిగ్రీలప్పుడు 31.5.
సిస్సులో 3,100 మీటర్ల ఎత్తులో మైనస్ 10లో కూడా 31.5.

అంటే మీ టైర్లలో గాలి అన్నిటికన్నా తక్కువయ్యేది మంచులో కాదు, ఉత్తరాది మైదానంలో, ఎక్స్‌ప్రెస్‌వే మీద 100 వేగంలో పోతున్నప్పుడు. అక్కడే ఉదయం టైరు చల్లగా ఉండగా మళ్లీ 33కి కొట్టించండి. తర్వాత కొండెక్కితే 35 దగ్గర ఉంటుంది, పరవాలేదు. తిరిగి దక్షిణానికి వచ్చేటప్పుడు మాత్రం తీయాలి. అదే గాలితో 25 డిగ్రీల బెంగళూరుకు దిగితే 37కి పైనే ఉంటుంది. డోర్ స్తంభం మీది స్టిక్కర్‌లో మీ కారు అంకె చూసి, పూర్తి లోడ్‌కు ఇచ్చిన అంకె వాడండి. నైట్రోజన్ కొట్టిస్తే ఈ లెక్క మారుతుందనుకోకండి, అది కూడా ఇలాగే తగ్గుతుంది, పెరుగుతుంది.

మంచులో గాలి సగం తీసేస్తే పట్టు పెరుగుతుందని ఎవరైనా చెప్తే వినకండి. అది ఇసుకలో ఇరుక్కున్నప్పుడు చేసే పని. మెత్తబడిన టైరు మీద చైన్ వదులవుతుంది, గుంతలో రిమ్ వంగుతుంది.

టైర్లకు సంబంధం లేని ఒక్క మాట: రేడియేటర్‌లో ఇక్కడ ఎవరైనా కుళాయి నీళ్లు కలిపి ఉంటే బయల్దేరే ముందు తీయించి కూలెంట్ సరైన పాళ్లలో పోయించండి. వైపర్ నీళ్ల డబ్బాలో కూడా ఉత్త నీళ్లు వద్దు, గడ్డకడితే మోటారు పోతుంది.

మారతహళ్లి_తెలుగోడు

అందరికీ ధన్యవాదాలు. గాలి లెక్క అసలు ఊహించలేదు. ఇంకో రెండు సందేహాలు. నాది ముందు చక్రాల డ్రైవ్ కదా, మనాలిలో గానీ చండీగఢ్‌లో గానీ దొరికితే ముందుకు రెండే వింటర్ టైర్లు వేయించి, వెనక మామూలువి ఉంచితే ఖర్చు సగం తగ్గుతుంది కదా? చైన్లయితే ఎలా ఎంచుకోవాలి, ఎలా కట్టాలి? ఎప్పుడూ వాడలేదు.

మంచుదారి_మెకానిక్

ముందు రెండే వేయడం మాత్రం వద్దండీ. ముందు టైర్లు పట్టి వెనకవి జారితే, దిగుడు మలుపులో బ్రేక్ తగలగానే కారు వెనక భాగం బయటికి తిరుగుతుంది. కొత్త డ్రైవరైనా పాతవారైనా దాన్ని సరిదిద్దే టైము ఉండదు. నాలుగూ ఒకటే రకం, లేదా అసలు వద్దు. మామూలు టైర్లు రెండే కొత్తవి వేసినా ఇదే సూత్రం, కొత్తవి వెనకకే పోవాలి. అలాగే 4x4 ఉంటే చాలనుకునేవాళ్లకు: నాలుగు చక్రాల డ్రైవ్ బండిని కదపడానికే సాయం చేస్తుంది, ఆపడానికి కాదు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకే ఉంటాయి.

మంచు బాగా పడిన రోజు సోలంగ్ వైపు పోలీసులు 4x4 బండ్లను, అవీ చైన్లున్న వాటినే వదులుతారు. ఆ రోజు మీ కారును కింద ఆపేస్తే వాదించకండి, అక్కడి టాక్సీ మాట్లాడుకుని వెళ్లండి. అటల్ టన్నెల్ 9.02 కి.మీ. పొడవు, రెండు నోళ్లూ 3,000 మీటర్ల పైన ఉన్నాయి. లోపల రోడ్డు పొడిగా ఉంటుంది, బయటపడ్డ మరుక్షణం ఐస్ తగలొచ్చు. టన్నెల్ చివర వేగం తగ్గించుకునే బయటికి రావాలి.

చైన్ల సంగతి. మొదట ఓనర్స్ మాన్యువల్‌లో టైర్లు, చక్రాల అధ్యాయం చదవండి. కొన్ని సైజుల టైర్లకు చైన్ కట్టొద్దని కంపెనీయే రాస్తుంది. తర్వాత ముందు చక్రం పూర్తిగా ఒక వైపు తిప్పి, టైరు లోపలి గోడకూ సస్పెన్షన్ స్ట్రట్‌కూ (చక్రం వెనక షాక్ అబ్జార్బర్ ఉండే స్తంభం) మధ్య సందు చూడండి. వేలు దూరడం కష్టంగా ఉంటే మామూలు మందం చైన్ రాసుకుంటుంది, 9 మి.మీ. లేదా 7 మి.మీ. సన్న రకం కావాలి. అదీ పట్టకపోతే టైరుకు తొడిగే గుడ్డ తొడుగులు దొరుకుతాయి. కట్టడం తేలిక, కానీ తారు మీద నడిపితే త్వరగా చిరిగిపోతాయి. పెట్టె మీద 215/60 ఆర్17 అని మీ సైజు స్పష్టంగా రాసుందో లేదో చూసి కొనండి. "అన్నిటికీ పడుతుంది" అనే ప్లాస్టిక్ బెల్టులు కొనొద్దు, ఎక్కుడులో చక్రం తిరగగానే తెగి ఊడిపోతాయి.

ముందు చక్రాల డ్రైవ్ కాబట్టి చైన్లు ముందుకే. అవును, అప్పుడు వెనక జారే ప్రమాదం ఇక్కడా ఉంటుంది. అందుకే చైన్ కట్టాక 30 దాటొద్దు, దిగుడులో ఇంకా తక్కువ. వింటర్ టైర్లు రెండే వేసి హైవే మీద 80లో పోవడానికీ, దీనికీ తేడా వేగమే.

కట్టే పద్ధతి బెంగళూరులోనే, మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రెండుసార్లు చేసి చూడండి. మైనస్ 5లో గ్లవ్స్ వేసుకుని మొదటిసారి ప్రయత్నిస్తే వేళ్లు పనిచేయవు. చైన్‌ను నేల మీద పరిచి మెలికలు తీయండి, కొక్కేల మొనలు టైరు వైపు కాకుండా బయటికి ఉండాలి. లోపలి తీగ రింగును చక్రం వెనక నుంచి తిప్పి పైన కలపండి. ఇది సరిగా పడకపోతే మిగతాదంతా వృథా. తర్వాత బయటి కొక్కేలు, ఆపైన బిగించే గొలుసు లాగి, మిగిలిన కొస వేలాడకుండా కట్టండి. 50 నుంచి 100 మీటర్లు నడిపి ఆపి మళ్లీ బిగించండి. ఈ రెండో బిగింపు మానేసేవాళ్లే ఎక్కువ. వదులైన చైన్ కొట్టుకుని ఏబీఎస్ సెన్సర్ వైరు, బ్రేక్ గొట్టం, ఫెండర్ లోపలి ప్లాస్టిక్ చీలుస్తుంది. మంచులోకి దిగాక కాదు, మంచు మొదలయ్యే ముందు చదునైన చోట కట్టాలి. తారు కనబడగానే విప్పేయాలి.

నడిపేటప్పుడు రెండో గేర్‌లో మెల్లగా కదలండి. దిగుడులో మొదటి లేదా రెండో గేర్‌లోనే ఉంచి, ఇంజనే పట్టి ఆపేలా చూడండి. బ్రేకూ స్టీరింగూ ఒకేసారి వద్దు, ముందు వేగం తగ్గించి తర్వాత తిప్పండి. మంచులో ఇరుక్కుని చక్రాలు ఊరికే తిరుగుతుంటే ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే దానికి బలం తగ్గించే ఏర్పాటు) తాత్కాలికంగా ఆపి బయటపడ్డాక మళ్లీ ఆన్ చేయండి. రాత్రి పార్కింగ్‌లో హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే తడి గడ్డకట్టి ఉదయం వెనక చక్రాలు తిరగకపోవచ్చు. చదునైన చోట నిలిపి, గేర్‌లో పెట్టి, చక్రం కింద రాయి పెట్టండి.

మారతహళ్లి_తెలుగోడు

అర్థమైంది, రెండు వింటర్ టైర్ల ఆలోచన వదిలేశాను. నాలుగూ కొత్తవి, సన్న చైన్లు. షాపులో వేయించేటప్పుడు ఏం చూడాలి? ఎన్ని రోజుల ముందు మార్చాలి? నా స్టెప్నీ 16 అంగుళాలది, మిగతావి 17.

రబ్బరు_లెక్కలు

రెండు, మూడు వారాల ముందే మార్చండి. అచ్చు నుంచి తీసేటప్పుడు పూసిన పదార్థం కొత్త టైరు మీద సన్నటి పొరగా ఉంటుంది. మొదటి 200, 300 కి.మీ. మెల్లగా నడిపితే అది పోతుంది. ఏదైనా కంపన, పక్కకు లాగడం ఉంటే అది కూడా ఇక్కడే బయటపడాలి.

షాపులో టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 3225 అంటే 2025లో 32వ వారం తయారీ. నాలుగింటి తేదీలు దగ్గర దగ్గరగా ఉండాలి, ఏడాది దాటినవి ఒప్పుకోవద్దు. సైజు తర్వాత 96హెచ్ లాంటిది ఉంటుంది. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుందని, హెచ్ అంటే గంటకు 210 కి.మీ. దాకా అని. మీ పాత టైరు మీద ఉన్నదానికన్నా తక్కువ అంకె వద్దు, సామాన్లతో నలుగురు వెళ్తున్నప్పుడు ఇది ముఖ్యం. వాల్వులు కొత్తవి వేయమనండి, పాత రబ్బరు వాల్వు చలికి బీటలిస్తుంది. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ఎలాగూ చేయిస్తారు. నట్లు గాలి గన్‌తో బిగించి వదిలేయకుండా టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానా) మాన్యువల్‌లోని అంకెకు బిగించమని అడగండి, 100 కి.మీ. తర్వాత మరోసారి చూపించండి.

స్టెప్నీ గురించి మంచి ప్రశ్న అడిగారు. మీ చైన్లు 17 అంగుళాల టైరుకే సరిపోతాయి. మంచు దారిలో ముందు టైరు పంక్చర్ అయితే 16 స్టెప్నీని ముందుకు వేయకండి, చైన్ పట్టదు, రెండు డ్రైవ్ చక్రాల సైజూ వేరవుతుంది. ఒక వెనక 17 తీసి ముందుకు మార్చి, స్టెప్నీని వెనక వేయండి. జాకీ రెండుసార్లు ఎత్తాలి. మంచు మీద జాకీ కిందికి దిగబడకుండా అడుగు పొడవున్న మందపాటి చెక్క ముక్క ఒకటి డిక్కీలో వేసుకోండి. స్టెప్నీలో గాలి కూడా బయల్దేరే ముందే చూసుకోండి, చాలా కార్లలో కొన్న రోజు తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరు.